చుక్కానిలో చు

ఆ ఆదివారం రాత్రి డెస్కు మీద
ఒక మాట కోసం తగువు.
"ఉప్పెన" అన్నాను నేను.
గాలి లేదు, వాన లేదు, ఉప్పెనేమిటమ్మా
అన్నారు పురుషోత్తం గారు.
"రాకాసి అలలు" అన్నాడు పేజీలు పెట్టే కుర్రాడు,
ఎనిమిది కాలమ్‌ల నిండా బాగా కూర్చుంటుందని.
తెల్లవారేలోగా ఆ రెండిటినీ పక్కకి నెట్టి
ఎవరూ పిలవకుండా లోపలికొచ్చింది మూడోది:
సునామీ.

సు అంటే మంచి. నామం అంటే పేరు.
ఎర్ర కలంతో ప్రూఫు దిద్దుతూ
నా పాడు బుర్ర దాన్ని సంస్కృతంలా విడదీసింది.
శవాల లెక్క పక్కనే ఆ సమాసం చూసి
నా మీద నాకే రోత పుట్టింది.
చివర దీర్ఘం ఉండాలా వద్దా అన్నది మాత్రం
ఆ రాత్రి తేలలేదు.
మొదటి పేజీలో సునామీ, ఐదో పేజీలో సునామి.

మరుసటేడు ఎండాకాలం
ఏలూరు రోడ్డు ఆఫీసు గేటు దగ్గర
వాచ్‌మన్‌గా చేరాడు నాంచారయ్య.
నిజాంపట్నం మనిషి.
ఖాకీ చొక్కా భుజాల దగ్గర బిగుతు,
వల లాగిన భుజాలు మరి.
రెండింటికి కట్టలు వ్యాన్లెక్కాక
టీ గ్లాసు పట్టుకుని మొదలెట్టేవాడు:
"చునామీ ఒచ్చిన్నాడు నేను నీళ్ల మీదే ఉన్నానండీ."

చునామీ కాదు, సునామీ, అనేదాన్ని.
దిద్దడం నా ఉద్యోగం.
తలూపేవాడు. మళ్లీ చునామీ అనేవాడు.
చుక్కానిలో చు, చుట్టలో చు,
పళ్ల వెనక నాలుక ఆనించి
మెత్తగా వదిలే చు.

"ఏం తెలీలేదండీ.
నిద్దట్లో పక్క మనిషి ఊపిరి పీల్చినట్టు
పడవ ఒక్కసారి లేచింది, దిగింది.
మా బావమరిది బీడీ కూడా ఆరలేదు.
దాని వీపు మీద కూచుని వల లాగానండీ నేను.
మధ్యాన్నం రేవుకొస్తే
రేవు లేదు.
ఎండుచేపల పందిరి సరుగుడు తోపులో ఉంది.
ఆ పందిరి కింద కాకుల్ని తోలతా మా అమ్మ..."
ఎప్పుడూ అక్కడే ఆగి
గ్లాసు కడగడానికి లేచేవాడు.

నేను రిటైరయ్యే ఏడు
లెనిన్ సెంటర్ పాత పుస్తకాల్లో
అట్టలేని జపాను నిఘంటువు దొరికింది, ముప్పై రూపాయలకి.
త్సు అంటే రేవు. నామి అంటే అల.
రేవు అల.
అంతే. రాకాసి లేదు, చావు లేదు,
సముద్రం కూడా లేదు అందులో.
ఇంత చిన్న మాటా, అనుకున్నాను.
తర్వాత వెన్ను జల్లుమంది.
ఎవరు పెట్టి ఉంటారీ పేరు?
ఎదురుగా చూసినవాడు కాదు,
వాడికి పేరు పెట్టే తీరికేదీ?
నడిసంద్రంలో ఏమీ తెలియక
వల నింపుకుని తిరిగొచ్చి
రేవు ఉండాల్సిన చోట నిలబడ్డవాడు.
నీళ్ల మీద దాని జాడ దొరకలేదు గనక
దొరికిన చోటునే పేరు చేశాడు.

ఇక ఆ త్సు.
ఒకప్పుడు చ నెత్తిన రెండంకె వేసి
రాసేవాళ్లు మనవాళ్లు ఆ చప్పుడుని.
నేను చేరేనాటికే మా ప్రెస్సు కేసుల్లో
ఆ అచ్చు లేదు.
ఇంగ్లీషు నోట నాని
ముందు పన్ను రాలిన మాటని తెచ్చుకున్నాం మేం.
నాంచారయ్య ఎవరూ చెప్పకుండానే
ఆ పన్ను మళ్లీ అతికించాడు.

ఆ రాత్రే గేటు దగ్గరికెళ్లాను.
"తప్పు నాదేనయ్యా. నువ్వన్నదే సరి.
రేవు అల అని అర్థం."
"రేవు అలేనండీ మరి. ఇంకేమంటారు?"
కాసేపు టీ చల్లారింది.
"ఆ మాటన్నోడూ వేటకెళ్లేవాడేనా అండీ?"
అయ్యుంటాడు, అన్నాను.
"అయితే మధ్యాన్నం తిరిగొచ్చుంటాడు" అని
వ్యాను హారన్ కొడితే
గేటు తీయడానికి లేచాడు.